కాండీలో మా నగరత్త

ఆడపిల్ల తిరుపతి నుంచి నగరికి ఒంటరిగా బస్సెక్కితే దిగేచోట తీసుకుపోవడానికి ఇంటి మగవాళ్లు ఇద్దరు కాచుకుని ఉండే కాలం అది. అలాంటి కాలంలో నేను సిలోన్ చూసి వచ్చానంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. (చూశానా అంటే, అదే ఇప్పుడు చెప్పబోతున్నాను.) డిగ్రీలో మా బాటనీ మేడం పంతం పట్టి కొందరు అమ్మాయిలను రామేశ్వరం నుంచి ఓడెక్కించింది. మా నాయన మాత్రం ఒకటే మాట పట్టుకున్నాడు. "మా అక్క నీ ఎంబడి వస్తే పంపిస్తా. లేకుంటే యాడికీ పోయే పని లేదు." ఆ అక్క నగరిలో ఉండే మా మేనత్త, మా నగరత్త. మగ్గాల చప్పుడులో బతికిన మనిషి కాబట్టి రహస్యం చెప్పినా వీధి చివరకు వినిపించేది. ఆమె ఎక్కడ వస్తుందిలే అని నేను ఏడుస్తూ కూర్చుంటే, కబురందిన మర్నాడే ఊరగాయ జాడీతో సహా దిగింది. ఆమెను చూసి ఎగిరి గంతేశాను. మనిషికి ముందుచూపు ఉండదనడానికి వేరే నిదర్శనం అక్కర్లేదు.

సిలోన్ కొండల్లోని కాండీ ఊళ్లో మాకున్నది ఒక్కరోజు. పొద్దున బుద్ధుడి దంతం ఉన్న గుడి, ఆ తర్వాత ఊరి బయట పెద్ద తోట. నేను వచ్చిందే ఆ తోట కోసం. శ్రీతాళమనే తాటిజాతి చెట్టు అక్కడ పూతమీద ఉందని మేడం ఎవరినో అడిగి తెలుసుకుంది. అది దశాబ్దాలు బతికి ఒక్కసారి పూస్తుంది, కాయలు రాల్చి చచ్చిపోతుంది. ఇప్పుడు చూడకపోతే ఈ జన్మకు లేదని మేడం అన్న రాత్రి నుంచి నాకు నిద్ర లేదు.

"పన్నా?" అంది అత్త గుడి మెట్ల మీద. "పన్ను సూసేదానికా ఇంత సముద్రం దాటొచ్చినాము?" అయినా లోపల అందరికంటే ఎక్కువసేపు కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నది ఆమే. బయటికి వచ్చాక మేడం లెక్కపెడితే ఒక మనిషి తక్కువైంది. ఎవరో నేను వెనక్కి తిరగకుండానే చెప్పగలను. "మేము ముందు పోతుంటాం. తోట దగ్గరే, మీ అత్తను ఎతుక్కోని టౌను బస్సులో వచ్చేయి," అంది మేడం. మా బస్సు కదిలిపోయింది. అలా నేను పరాయి దేశంలో ఒంటరిగా నిలబడ్డాను, అదీ నాకు కాపలాగా వచ్చిన మనిషి పుణ్యమా అని.

అత్త గుడి పక్కనే ఉన్న చెరువు గట్టున ఉంది. సన్నగా తుంపర పడుతుంటే ఎవరో ఒకామెతో ఒకే గొడుగు కింద కూర్చుని తమిళంలో మాట్లాడుతోంది. ఆమె తేయాకు తోటల్లో ఆకు కోసే మనిషి. తాతల నాడు మన పక్కనుంచి వెళ్లినవాళ్లట. ఇప్పుడు రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకుని వాళ్లను ఇండియాకు పంపేస్తున్నాయి. ఆ కాగితాల పని మీద ఊళ్లోకి వచ్చింది. ఎక్కడో నూలు మిల్లులో పని ఇస్తారని చెప్పారట, ఏ ఊరో మాత్రం చెప్పలేదు.

"అత్తా, పోదాం రా. తోట మూసేస్తారు."

"ఉండు మే. చెట్లకేమన్నా కాళ్లుండాయా? ఈయమ్మ మన దేశానికి వస్తా ఉండాది, మన దేశమే సూళ్లేదంట."

ఆమె భయపడుతూ అడిగింది, "మీ ఊళ్లో వాన పడుతుందా అక్కా?"

"పడతాది. పడకుండా యాడికి పోతాది," అంది అత్త తమిళంలోనే. ఆ ఏడు మా జిల్లాలో బిందెడు నీళ్ల కోసం తలలు పగలగొట్టుకుంటున్నారు. నేను అత్త మొహం చూశాను. అత్త నా వైపు చూడలేదు.

ఆ తర్వాత తెలుగు పాఠం మొదలైంది. ఒకవేళ మన పక్క వేస్తే పనికొస్తుందని నీళ్లు, బియ్యం, ఎంత, వద్దు అనే మాటలు నేర్పించింది. "వద్దు అనేది మాత్రం గెట్టిగా అనాల. మెల్లిగా అంటే మా వోళ్లకి ఇనపడదు," అని ఆమె చేత అరిపించింది. గట్టున పోయేవాళ్లు ఆగి చూశారు. ఆమె నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. అత్త కొంగుతో ఆమె కళ్లు తుడిచింది. నేను పక్కనే నిలబడి, ప్రపంచంలో నా అంత దురదృష్టవంతురాలు లేదని ఏడ్చాను. నా కళ్లు ఎవరూ తుడవలేదు.

ఎట్టకేలకు లేచి బస్సెక్కితే అది తోటకు వ్యతిరేక దిక్కుకు పోయే బస్సు. (దారి అడిగింది అత్త. చెప్పినాయనకు తమిళం రాదు, అయినా తలూపాడు.) మళ్లీ వెనక్కి వచ్చి తోట దగ్గర దిగేసరికి కాపలావాడు గేటు మూస్తున్నాడు, మావాళ్లు బయటికి వస్తున్నారు. "చెట్టు నెత్తిన ఇంకో చెట్టు మొలిసినట్టు పూసిందే," అంది నా పక్క బెంచీ స్నేహితురాలు. ఆ మాటకు గేటు కమ్మీలు పట్టుకుని అక్కడే కూలబడ్డాను. లాగి లేపడానికి ఇద్దరు కావలసివచ్చింది.

తిరుగు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. చీకటి పడుతుండగా అత్త నా మోచెయ్యి పట్టుకుంది.

"మే, ఆయమ్మ పేరేంది?"

"నాకేం తెలుసు. నువ్వే గదా పొద్దంతా మాట్లాడింది."

"అన్నీ అడిగినాను. పిల్లోళ్లెంతమంది, కూర ఏం సేస్తారు, అన్నీ. పేరు అడగలేదే," అంది. మొదటిసారి ఆమె గొంతు నా ఒక్కదానికే వినిపించింది. పంతొమ్మిదేళ్ల మహారాణిని, నేను మోచెయ్యి విడిపించుకుని మళ్లీ కిటికీ వైపు తిరిగాను.

ఆ తర్వాత నగరి చుట్టుపక్కల ఏ మిల్లులోకైనా సిలోన్ వాళ్లు వచ్చారని తెలిస్తే అత్త బస్సెక్కి వెళ్లి చూసి వచ్చేది. ఎవరి కోసమని అడిగితే చెప్పడానికి పేరు లేదు. తను పోయేదాకా వెతికింది, ఆయమ్మ కనిపించలేదు. అప్పటి అత్త వయసు ఇప్పుడు నాకు దాటిపోయింది. తిరుపతి బస్టాండులో వెనకనుంచి ఎవరైనా ఆ సిలోన్ తోటల యాస తమిళం మాట్లాడితే చప్పున తిరిగి చూస్తాను. నాకు ఆ చెరువు గట్టు మీది ఆమె మొహం కూడా గుర్తులేదు. అయినా తిరుగుతాను. నా బస్సు ఒకటి రెండుసార్లు అలా పోయింది కూడా.