పరశురాం చెప్పే బరువు

అరబ్బు దేశంలోని అరాద్ ఊళ్లో ఓ టైర్ల దుకాణం ముందు పరశురాం ఎప్పుడు చూసినా గొంతుక్కూర్చునే ఉంటాడు. గోళ్లలో నలుపు, చెవి మీద సుద్దముక్క. ఏ బండి వచ్చినా ముందు మనిషిని చూడడు, టైరు పొట్ట ఎంత ఉబ్బిందో చూస్తాడు. బండిలో ఏమీ లేదన్న మాటను మాత్రం చచ్చినా నమ్మడు. చలికాలం రాగానే సఖీర్ ఎడారిలో గుడారాలేసుకునే వాళ్ల కారవాన్లు, అవే కారుకు తగిలించి లాగే ఇళ్లు, అతని ముందు వరస కడతాయి. మొన్న అలాంటిదొకటి అప్పాజీ తెచ్చాడు. కోనసీమ కుర్రాడు, ఓ అరబ్బు ఇంట్లో డ్రైవరు. “సైజు ఒకటే కదా అన్నయ్యా, మామూలు కారు టైర్లే ఎక్కించెయ్. లోపలేముందని, పరుపులేగా!” అన్నాడు. పరశురాం తలుపు తీశాడు. నీళ్ల ట్యాంకు, జనరేటరు, గ్యాసు బండలు, బొగ్గుల బస్తాలు. “గివన్ని పరుపులేనా తమ్మీ? సైజు గాదు, గీ నంబరు జూడు. టైరు ఎంత బరువు మోస్తదో గిదే చెప్తది. సామాన్ నిండినంక ఎంతుంటదో, దానికన్న ఎక్కువ మోసేదే ఎక్కిస్త. లేకుంటె సగం తొవ్వలనే పేల్తది.” సుద్దతో ఆ అంకె చుట్టూ గీత గీసి, గట్టి టైర్లే దొర్లించుకొచ్చాడు.

మర్నాడు సెలవు మీద ఊరికెళ్తున్న పరశురాంను అప్పాజీయే ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లాడు. తాళ్లు బిగించిన అట్టపెట్టె ఇద్దరూ పడితే గానీ కాటా ఎక్కలేదు. కౌంటరులో అమ్మాయి అంకె చూసి, “ఇంత బరువేంటి భాయ్, లోపల ఏముంది?” అంది. పెట్టె అడుగున బూటు మొన ఆనించి అంకె తగ్గేలా కాస్త ఎత్తిపడుతూ, పరశురాం తొణక్కుండా చెప్పాడు: “ఏం లేదు మేడం, బట్టలే.”