మిషన్ తప్పు చూపించలేదు

జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో నా క్లాస్‌మేట్ ఒకసారి, రెండు కార్లు పక్కపక్క లేన్లలో తిన్నగా దూసుకెళ్ళే డ్రాగ్ రేసులో వాళ్ళన్నయ్యను ఓడించాడు. అక్కడే కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరైన ఆ అన్నయ్య ఒప్పుకోలేదు.

"ఆ టైమింగ్ మిషన్ నీకేమైనా చుట్టమారా?" అని ఏడిపించేవాడు.

"చుట్టమైతే నిన్ను ఇంకా వెనక చూపించేది" అనేవాడు తమ్ముడు.

కరోనా రెండో వేవ్‌లో, సెలవులకు హైదరాబాద్ వెళ్ళిన నా క్లాస్‌మేట్ అక్కడే పోయాడు. ఫ్లైట్ దొరక్క అన్నయ్యకు ఆఖరిచూపు కూడా దక్కలేదు.

రేసుల మైదానం మళ్ళీ తెరిచాక ఆయన నాకు ఫోన్ చేశాడు. నేను చదివేది సెన్సార్ల గురించే. "ఆ మిషన్ కరెక్టో కాదో చూసి చెప్తావా అమ్మా?" అన్నాడు.

మైదానం వాళ్ళను అడిగి, రెండు లేన్లలోనూ టైమ్ పట్టే స్టార్ట్, ఫినిష్ సెన్సార్ల మధ్య దూరం టేపుతో కొలిచాను. ఆయన ఒకే కారును అటూ ఇటూ మార్చి చాలాసార్లు నడిపాడు. టైముల్లో చెప్పుకోదగ్గ తేడా ఎక్కడా రాలేదు.

"మిషన్ సరిగ్గానే ఉందన్నయ్యా" అన్నాను. మాస్కులోంచి నా గొంతు నాకే వినిపించలేదు. ఆయనకు మాత్రం వినిపించింది.

"తప్పని తేలితే బాగుండేదమ్మా. వాడితో ఈ గొడవైనా మిగిలేది."

ఇద్దరం కారెక్కాం కానీ ఆయన స్టార్ట్ చెయ్యలేదు.

"కాసేపాగి వెళ్దాం, కళ్ళు కనబడట్లేదు" అన్నాడు.