ముగ్గును మింగిన సరస్వతాకు

నాకు పిల్లనివ్వాల్సిన మనిషి మా ఇంటిదాకా వచ్చి, గడప తొక్కకుండానే మా నాయనను ఓదార్చి పోయినాడు! అంతా ఒక ఆకు వల్ల. చెప్తా ఉండండి, ముందు టీ తాగండి.

నంద్యాలలో పిల్లను చూసి వచ్చినాం కదా, సుభద్రను. తల ఎత్తి ఒకే మాట అడిగింది. "మీ ఇంటి ముందర పచ్చగా ఉంటాదా?" ఆ గొంతు మా ఆళ్లగడ్డ దాకా బస్సులో నా పక్కనే కూచోని వచ్చింది.

"ఉంటాది" అని చెప్పేసినా. మా వాకిట్లో ఉండేది మన్ను, నాలుగు కోళ్లు!

కోతలైనాక వాళ్ల నాయన ఇల్లు చూడను వస్తానన్నాడు. మూడు నెలల టైముంది. వీక్లీలో ఒక బొమ్మ చూసినా, పచ్చిక మీద చెప్పుల్లేకుండా నడిచే పిల్ల. మా ఊర్లో గడ్డి వేస్తే బర్రెలు వదుల్తాయా? నంద్యాలలో కాలువ గట్టు కాడ ఉండే మా అత్తను అడిగితే తట్టనిండా సరస్వతాకు తీగలు ఇచ్చింది. "తడి ఉంటే చాలప్పా, నేలమీదనే పారతాది, ఏండ్లకేండ్లు ఉంటాది. తింటే తెలివి గూడా వస్తాదంట."

నాకు తెలివితో పనేముంది? పచ్చగా ఉంటే చాలు.

పొద్దున పది బిందెలు, సాయంత్రం పది బిందెలు. గుండ్రటి చిన్నాకులు గడప కాడినుంచి వీధి దాకా చాప పరిచినట్లు అల్లుకున్నాయి. సుభద్ర పాదాలకు ఎట్లుంటాదో అని దినామూ నేనే చెప్పులిడిసి నడిచి చూసినా.

మా అమ్మది ఒకటే పోరు. "కల్లాపి యాడ చల్లాలరా? ముగ్గు యాడ ఎయ్యాల, నీ నెత్తినా?"

"పేడనీళ్లకు ఆకు మాడిపోతాదిమా! నాలుగు దినాలు ముగ్గు లేకుంటే ఏమైతాది?"

ఏమైందంటే, సుభద్ర నాయన వస్తానన్న దినం నేను మిక్చరు, అరటిపండ్లు తేను అంగడికి పోయినా. అప్పుడే ఆయన వచ్చినాడు. చూస్తే వాకిట్లో ముగ్గు లేదు. అరుగు మీద మా నాయన, నున్నటి గుండుతో! ఈ సంబంధం కుదరాలని మొక్కుకొని వారం కిందట కొండకు పోయి ఇచ్చొచ్చిన గుండు అది. లోపల మెరపకాయలు ఏంచుతాండే మా అమ్మ, కండ్లు తుడుచుకుంటా బయటికి వచ్చింది. ఇంగేం కావాల?

ఆయన వీధిలోనే నిలబడి, "ధైర్యంగా ఉండప్పా. మన చేతుల్లో ఏముంది?" అన్నాడంట. మా నాయనేమో వాళ్లింట్లో ఎవరో పోయినారనుకున్నాడు. "నువ్వూ గుండె దిటవు చేసుకో అన్నా" అన్నాడు. ఇద్దరూ కండ్లు ఒత్తుకున్నారు! "పెండ్లి మాట సంవత్సరం తిరిగినాక చూద్దాంలే" అని ఆయన ఎల్లిపోయినాడు.

నేను వచ్చేసరికి నాయన మొగం వేలాడేసుకొని ఉన్నాడు. "పాపం, వాళ్లింట్లో ఎవరో పోయినట్లుందిరా."

అమ్మ వాకిలి చూసింది. నాయన గుండు చూసింది. నన్ను చూసింది. "వాళ్లింట్లో కాదు, మనింట్లోనే పోయినారనుకున్నాడు ఆయప్ప!" అని నెత్తి కొట్టుకునింది.

అరటిపండ్లు చేతిలో ఉండంగానే బస్టాండుకు పరుగు. నంద్యాల బస్సు అప్పుడే కదులుతాంది. కిటికీ పట్టుకొని అరిచినా. "మామా! మా ఇంట్లో ఎవరూ సావలేదు!"

బస్సు బస్సంతా నా పక్క తిరిగింది.

"మరి ముగ్గేదప్పా?" అన్నాడాయన.

"ఆకు పెంచినా మామా! సుభద్ర పచ్చగా ఉంటాదా అని అడిగింది కదా!"

"ఏం ఆకు?"

"సరస్వతాకు. తెలివి పెరుగుతాదంట."

నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసినాడు. "నువ్వు తిన్యావా?"

"లేదు మామా."

"తెలుస్తాంది" అని నవ్వుకుంటా బస్సు దిగినాడు.

ముహూర్తం పెట్టుకున్నాం. సుభద్ర రెండు మాటలు చెప్పి పంపింది. గడప ముందర ముగ్గుకు చాపంత జాగా ఇడిసిపెట్టాలంట. పెండ్లి దాకా నేను దినామూ పిడికెడు ఆకు తినాలంట. తింటాండా. మా అమ్మనడిగితే, "ఇంగా ఏం గుణం కనపల్లేదు, వాళ్లకు చెప్పాకు" అంటాంది.