కొత్తకు ముందు కోసిన కాయ

ఇవాళ ముంచింగిపుట్టు సంతలో పచ్చిమామిడి వాసనకు నా వీపు చురుక్కుమంది. చిన్నప్పుడు ఒక ఆదివారం పొద్దున చర్చిలో పూజయ్యాక నువ్వూ నేనూ, మన యువజన సంఘం పిల్లలం కాఫీ మొక్కలకు గోతులు తవ్విన రోజు గుర్తుందా? మామిడి కొత్త పండగ కాకుండా కాయ కొరికితే ఊరికి కీడని పెద్దలనేవారు. ఆకలికి ఆగలేక నేనొకటి కోసి, ఉప్పద్ది అందరికీ పంచాను.

మా మావయ్య గొడ్డలి కామతో వచ్చి దొరికినవాళ్లను దొరికినట్టు బాదాడు.

"కోసినోలు ఎవులు?"

సంఘం లీడరు మరియక్క నాకు అడ్డొచ్చింది. "నానే కోసినాను మావా."

ఆమె మోచెయ్యి విరిగిన చప్పుడు నేనింకా మరిచిపోలేదు.

సంతలో కాయలమ్ముతున్నది ఆమే. వంకరపోయిన ఆ చేత్తోనే ఒక ముక్క ఉప్పద్ది నాకిచ్చింది.

"తిను. కొత్త అయిపోనాదిలే."