అక్క గొంతున్న మిషన్

ఆఫీసులో అతన్ని అందరూ ‘నిదానం’ అనేవాళ్లు. మాట పోతుందన్న గొంతు ఆపరేషన్‌కు ముందు అతని అక్క తన మాటల్ని రోజుల తరబడి రికార్డు చేయించుకుంది. ఆ తర్వాత ఆమె ఏం టైపు చేసినా ఒక చిన్న మిషన్ ఆమె గొంతుతోనే పలికేది. నిదానం పనిచేసేది ఆ మిషన్లు తయారుచేసే కంపెనీలోనే.

“ఒరేయ్, మళ్లీ లేటా? నీ పెళ్లికి కూడా నువ్వే ఆఖర్న వచ్చావు” అని మిషన్ దెప్పుతుంటే బావ పడీపడీ నవ్వేవాడు.

ఈమధ్య ఆ గొంతు తెగితెగి వస్తోంది. నిదానం మిషన్ విప్పి చూశాడు. కీబోర్డును నడిపించే డ్రైవర్ ప్రోగ్రామ్, అక్క కీ నొక్కినప్పుడల్లా ‘ఇప్పుడే వాడారు’ అని ఫైలు మీద టైము మార్చి, ఆమె గొంతు దాచిన చిప్పులోనే రాస్తోంది. ఆ టైముతో ఎవరికీ పనిలేదు. చిప్పు మాత్రం రాసీ రాసీ అరిగిపోతోంది. అక్క అసలే వసపిట్ట.

ప్రోగ్రామ్‌లో టైము మార్చే ఆ నాలుగు వరసలూ తీసేసి, కొత్త డ్రైవర్ తయారుచేసి మేనేజరు దగ్గరికి వెళ్లాడు.

“కొత్త మోడల్లో పెడదాంలెండి. పాతవాటికి అప్‌డేట్లు ఆపేశాం కదా.”

“మనుషుల గొంతులున్నది పాతవాటిలోనే సార్. కాపీ తీసుకునే వీలు కూడా ఇవ్వలేదు మనం.”

“మీ బాధ నాకర్థమైంది. పైవాళ్లు వినరు. వదిలెయ్యండి.”

పైవాళ్ల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. అందరూ కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడారు, ఎవరూ సంతకం పెట్టలేదు. చివరికి ఎవర్నీ అడక్కుండా అక్క మిషన్లో కొత్త డ్రైవర్ ఎక్కించాడు. అప్పటికే ఆలస్యమైంది. ఓ మధ్యాహ్నం “టీ తాగుతావా” అని అక్క టైపు చేస్తే మిషన్ గరగరలాడి ఊరుకుంది. అంతే, మళ్లీ పలకలేదు.

కొత్త మోడల్ తెచ్చిచ్చాడు. అందులో ఉన్నది ఎవరో అమ్మాయి గొంతు.

“బాగుంది తమ్ముడూ” అంది ఆ అమ్మాయి.

ఇంటికి ఎవరొచ్చారా అని బావ లోపలి నుంచి వచ్చాడు. మిషన్ వైపు చూసి వెనక్కి వెళ్లిపోయాడు. అక్క మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. ఏదన్నా కావాలంటే వేలితో చూపిస్తుంది.

చెప్పకుండా డ్రైవర్ మార్చిన సంగతి బయటపడి, నిదానాన్ని ఫోన్ల గదికి మార్చేశారు. పాత మిషన్ల వాళ్ల ఫిర్యాదులు ఇప్పుడు అతనికే వస్తాయి.

“మా ఆయన గొంతు తెగుతోందండి. ఏం చెయ్యమంటారు?” అని ఒకావిడ అడిగింది.

చేయడానికి అతని చేతిలో ఏమీ లేదు.

“కొంచెం తక్కువ మాట్లాడమనండమ్మా” అన్నాడు.