మూత గట్టిగా ఉన్న సీసా

1999 పత్తి సీజన్‌లో సత్తెనపల్లి అవతల ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసరుగా చేరాను. మెడికల్ ఆఫీసరంటే ఆ భవనానికి రాజు. నా సైన్యం ఒక ఫార్మసిస్టు, ఒక నర్సు, బుద్ధి పుడితే కదిలే ఒక జీపు.

అప్పట్లో కడుపునొప్పి మందు, దగ్గు మందు పెద్ద జాడీల్లో కలిపి ఉంచేవాళ్లం. పోయించుకోవడానికి గిన్నో సీసానో రోగే తెచ్చుకోవాలి. జనం గ్లాసులు, చెంబులు తెచ్చేవారు, ఒకాయన టీ ఫ్లాస్కు తెచ్చాడు. సగం మందు వరండాలోనే ఒలికేది. ఊళ్లో చీమలకు మాత్రం అజీర్తి ఉండేది కాదు. నాకు చిర్రెత్తుకొచ్చి, "మూత గట్టిగా ఉన్న సీసా తెచ్చినవారికే మందు ఇవ్వబడును" అని బోర్డు రాయించాను. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవారైన ఫార్మసిస్టు కోటేశ్వరరావు గారు అది చదివి ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే మెచ్చుకున్నారనుకునే వయసు నాది.

కొద్ది రోజులకే, ఒక ఉదయం నాగరత్తమ్మ అనే రైతు ఇంటి పెద్దావిడ ఆరేళ్ల మనవరాలి కోసం కడుపునొప్పి మందు పోయించుకెళ్లింది. మధ్యాహ్నానికి ఆ పిల్లనే చేతుల మీద మోసుకొచ్చింది. నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, కంటిపాపలు గుండుసూది మొనంత. పురుగుమందు ఒంట్లోకి పోయినవాళ్లు అలాగే ఉంటారు.

నేను చేయాల్సింది విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించడం. చేసింది అరవడం. ఎవరు తాగించారో చెప్పు, పోలీసులకు రాస్తానన్నాను. కోటేశ్వరరావు గారు సిరంజి నింపి నా చేతిలో పెట్టారు.

"ముందు ఇది ఎక్కించండి డాక్టరు గారూ. తర్వాత అరుద్దురు గాని."

కొన్ని డోసులు పడ్డాక చొంగ తగ్గింది. అప్పుడు పెద్దావిడ కొంగులోంచి సీసా తీసింది.

"మీరిచ్చిందే పోశాను బాబూ, రెండు మూతలు. ఇంకేం పెట్టలా. ఇంట్లో గట్టి మూతున్న సీసా ఇదొక్కటే. మూడుసార్లు కడిగాను గూడా."

లేబుల్ గీకేసి ఉంది. కోటేశ్వరరావు గారు మూత వాసన చూసి మొహం తిప్పుకున్నారు. మూత లోపలి అట్టకు పట్టిన పురుగుమందు కడిగితే పోదు. పత్తి పండే ఊళ్లో గట్టి మూతలు ఏ సీసాలకుంటాయో నాకు తప్ప అందరికీ తెలుసు.

పిల్లను, పెద్దావిడను జీపులో గుంటూరు పెద్దాసుపత్రికి పంపి, జిల్లా అధికారికి రిపోర్టు రాయడానికి కూర్చున్నాను.

"ఇంటివాళ్ల అజాగ్రత్త అని రాసెయ్యండి, అయిపోద్ది. లైన్లో జనం ఉన్నారని పొద్దున నేనూ వాసన చూళ్లేదు," అన్నారు కోటేశ్వరరావు గారు.

నిజం చెప్పొద్దూ, మొదట అదే రాశాను. మూడుసార్లు కడిగిన మనిషి అజాగ్రత్త ఎలా అవుతుంది? చింపేసి, కారణం నా బోర్డేనని రాశాను. అనుమతి లేకుండా బోర్డు ఎందుకు రాయించారని మెమో వచ్చింది. పిల్ల ఎలా ఉందని అందులో లేదు. పిల్ల బతికింది.

బోర్డు దింపేశాం. వాడేసిన సెలైన్ సీసాలు ఉడకబెట్టి మేమే ఇవ్వసాగాం.

రోగులు మన మాట వినకపోతే వచ్చే అనర్థాల గురించి కాలేజీలో చాలా చెప్పారు. నాగరత్తమ్మ నా మాట విన్నది. ఆ తర్వాత ఏ ఆదేశం రాసినా, ఎవరైనా దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తే ఏమవుతుందో చూసుకున్నాకే సంతకం పెట్టాను.