మెట్టె గుర్తు లేని అడుగు

మా కమలత్తకు పొగడ్త గిట్టదు. బడిలో మధ్యాహ్న భోజనం వండినన్నాళ్లూ సాంబారు బాగుందన్న టీచర్లను "గిన్నె కడిగిపెట్టి పోండి సార్, చాలు" అని పంపేసేది. అట్లాంటి మనిషికి దేవుడు మా దాసయ్య మామను ఇచ్చాడు. ఆయనకు పెండ్లాన్ని పొగడకుంటే పొద్దుపోదు.

నిరుడు ఎండాకాలం అత్తకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. ఆసుపత్రిలో స్కానింగు కోసం మెట్టెలు తీసేశారు. తర్వాత కాలు వాచి అవి మళ్లీ ఎక్కలేదు. చేతికర్రతో కాస్త కదిలేదాకా వచ్చాక, ఇసుకలో నడిస్తే కాలికి బలమొస్తుందని డాక్టరు చెప్పాడు. జమ్మలమడుగులో ఉంటూ ఇసుక కోసం వెతుక్కోవాలా? ఎండ తగ్గగానే మామ ఆమెను ఆటోలో పెన్న ఒడ్డుకు తీసుకుపోయేవాడు. తోడుగా నేనూ పోయేదాన్ని.

అత్త పట్టు ఒకటే. కోత పండుగనాడు మా చర్చిలో ఎవరికి పండింది వాళ్లు తెచ్చి బల్ల మీద పెడతారు. గుమ్మడికాయో, జొన్న కంకులో, ఏమీ లేకపోతే కోడిపెట్టో. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. వాకిలి నుంచి ఆ బల్ల దాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడవాలి, లేదంటే పండుగకే పోకూడదని అనుకుంది.

కానీ తడి ఇసుకలో కుడి పాదం చక్కగా పడేది. ఎడమది గీత గీసుకుంటూ వచ్చేది.

"శానా బాగా నడుస్తాండావు కమలా" అనేవాడు మామ.

"మాడిన అన్నం కూడా బాగుందన్నోడివి నువ్వు" అనేది అత్త. చివరికి ఒకరోజు, రేపటి నుంచి రానని చెప్పేసింది.

మర్నాడు మామ ఫోను తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఫోటోలో తడి ఇసుక మీద ఎడమ పాదం, మడమ నుంచి వేళ్ల దాకా నిండుగా ఉంది. "నిన్న నువ్వు ఆటో ఎక్కినాక తీసినా. నీదే" అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అత్త మాత్రం ఫోనును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"నా మెట్టెలు బీరువాలో ఉండాయి. దీని వేలికి మెట్టె గుర్తు యాడిది?"

మామ చివరికి ఒప్పుకున్నాడు. షుగరని అదే ఒడ్డున నడిచే మా పక్కింటి నిర్మలమ్మ అడుగది. నాకు నవ్వొచ్చింది. అత్త నవ్వలేదు.

"అంటే నా కాలు మీద నీకే నమ్మకం లేదు" అంది. ఫోను మామ చేతిలో పెట్టి, "ఆటో పిలువు. నా అడుగు ఎట్లుంటాదో సూపిస్తా. ఉన్నదున్నట్టు తీయి" అంది.

ఒడ్డుకు చేరగానే చేతికర్ర నా చేతికిచ్చింది. కోపం మీద నడుస్తోంది. వెనక గీత, మళ్లీ గీత. ఒకచోట ఆ గీత తెగింది. తెగిన చోటు దాటాక ఎడమ పాదం పడి ఉంది. వంకరగా, మడమ లోతుగా దిగి, వేళ్లు సగమే పడి. అయినా అది ఎత్తి వేసిన అడుగు.

మామ ఇసుకలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఉన్నదున్నట్టు ఫోటో తీశాడు.

"మెట్టె గుర్తుందా?" అని అడిగింది అత్త, వెనక్కి తిరగకుండానే.

"లేదు."

"అయితే నాదే."

ఆ మాటకు మామ ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను, దేవునికి స్తోత్రం చెప్పుకుంటూ.

కోత పండుగనాడు అత్త వాకిలి నుంచి బల్ల దాకా తనంతట తాను నడిచింది. ప్రొద్దుటూరులో నాసిర్ స్టూడియోలో కడిగించిన ఆ ఫోటోను గుమ్మడికాయల మధ్య పెట్టి, "ఈ ఏడు నాకు పండింది ఇదే" అంది.

వేలంలో సంఘ పెద్ద ఫోటో ఎత్తగానే మామ పాడాడు. పోటీకి ఎవరూ రాలేదు. "అంతేనా?" అంది అత్త. అందరూ నవ్వారు. మామ తన పాట మీద తానే పెంచుకుంటూ పోయాడు, ఆమె చాలనేదాకా.

బయటికొచ్చాక ఆయన ఊరుకోలేకపోయాడు. "శానా బాగా నడిచినావు కమలా."

"ఊ" అంది అత్త. "నడిచినా."